మాఘంలో చెల్లి పెళ్ళి బీచ్ మీద చేద్దామనుకుంటున్నాం, చేసినవాళ్ళు ఉంటే చెప్పండి

చెల్లికి_అన్న (హైదరాబాద్)
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, అబ్బాయి వాళ్ళది విశాఖ. నిశ్చితార్థం అయిపోయింది. మా చెల్లికి ఒకటే పట్టు, పెళ్ళి సముద్రం ఒడ్డున జరగాలని. వెనకాల సూర్యుడు సముద్రంలోకి దిగుతూ ఉండాలి, ముందు తాళి కట్టాలి, ఆ ఫోటో గోడకి పెట్టుకోవాలి. నాన్న ముందు కోప్పడ్డారు, తర్వాత "నీ ఇష్టం, కానీ మీ నానమ్మని ఇసకలో ఎవరు నడిపిస్తారో చెప్పు" అని ఊరుకున్నారు. మాఘ శుద్ధ దశమికి సిద్ధాంతి గారు రెండు ముహూర్తాలు ఇచ్చారు, ఉదయం 7:48 మీన లగ్నం, రాత్రి 9:37 కన్యా లగ్నం. అమ్మ రాత్రిదే అంటోంది, చుట్టాలంతా తీరిగ్గా వస్తారని. మొత్తం 250 మంది. భీమిలి వైపు ఒక రిసార్ట్ చూశాం, బీచ్ దానికి ఆనుకునే ఉంది. మీలో ఎవరైనా చేసి ఉంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పండి, ఇప్పటి నుంచే టెన్షన్ గా ఉంది.

ఉప్పుగాలి (విశాఖ)
బ్రో, ముందు ఒక చేదు మాట. మన విశాఖలో సూర్యుడు సముద్రంలోకి దిగడు. మనది తూర్పు తీరం. సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక్కి పోతాడు. మీ చెల్లి గోవా ఫోటోలు చూసి ఉంటుంది. ఇక్కడ సాయంత్రం 6 దాటితే వెనకాల కనిపించేది చీకటే, ఇంకా రాత్రి 9:37 కయితే సముద్రం ఉందని చప్పుడుని బట్టి తెలుసుకోవాలి. అంత డబ్బు పెట్టి బీచ్ మీద చేసి నల్లటి గోడ ముందు ఫోటో దిగినట్టే.

చెల్లికి_అన్న (హైదరాబాద్)
ఓరి దేవుడా. ఇది మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు, పెళ్ళికొడుకు విశాఖవాడయ్యుండి కూడా.

ఉప్పుగాలి (విశాఖ)
పెళ్ళికొడుకుకి తట్టే ఉంటుంది, చెప్పే ధైర్యం చాలలేదు.

గుంటూరు_కారం (గుంటూరు)
మా పిన్ని కొడుకు పెళ్ళి చీరాల వైపు బీచ్ మీద చేశారు, నేను దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నా. ముహూర్తం సాయంత్రం. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలైంది, పీటల మీద కూర్చునే వేళకి బాగా పెరిగింది. అడ్డుతెర పట్టుకున్న మా బావలిద్దరూ తెరచాప కట్టిన పడవలాగా వెనక్కి వెనక్కి వెళ్ళిపోతున్నారు. జీలకర్ర బెల్లం సమయానికి తెర దించాల్సిన పని లేకుండా అదే ఎగిరి పురోహితుడి గారి మొహానికి చుట్టుకుంది. తలంబ్రాలు వాళ్ళిద్దరి మీద కంటే మూడో వరసలో కూర్చున్న వియ్యంకుల మీద ఎక్కువ పడ్డాయి. హోమం అయితే నాలుగుసార్లు వెలిగించారు, చివరికి కాటరింగ్ వాళ్ళ రేకు అడ్డం పెట్టి కానిచ్చారు. మైకులో మంత్రం ఒక్కటి వినపడలేదు, బుర్ర్ మని గాలి చప్పుడే. మా పెదనాన్న కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు ఇసకలో దిగబడి ఆయన వెనక్కి పడ్డారు, దేవుడి దయ వల్ల దెబ్బ తగల్లేదు. ఇంక బంతి భోజనాలు అన్నారు, అరిటాకు వేయడం, అది లేవడం. చివరికి ఆకు మీద నీళ్ళ గ్లాసు పెట్టి, చేత్తో అంచు పట్టుకుని తిన్నాం, పులిహోరలో ఇసక కరకరలాడుతూనే ఉంది. డబ్బు మాత్రం కళ్యాణ మండపానికయ్యే దానికంటే బాగా ఎక్కువే అయింది. వీడియో చూస్తే చాలా బాగుంటుంది, అది ఒప్పుకోవాలి.

పందిరి_పని (భీమవరం)
నేను పందిళ్ళు వేసేవాణ్ణి, 18 ఏళ్ళ నుంచి ఇదే పని. గుంటూరు_కారం గారు చెప్పినదాంట్లో సగం తప్పు గాలిది కాదు, పని చేసినవాళ్ళది. ఇసకలో గుంజ పాతితే నిలబడదు, ఊరికే ఊగుతుంది. అడుగున పలక కొట్టి పాతాలి, లేకపోతే ఇసక బస్తాలు నాలుగు వైపులా వేసి తాళ్ళు లాగి కట్టాలి. షామియానా గుడ్డ బీచ్ మీద వద్దు, గాలి నిండితే గుంజలతో సహా లేస్తుంది. పచ్చి కొబ్బరాకుల పందిరి వేయించండి, సందుల్లోంచి గాలి పోతుంది. పందిరి ఎత్తు తగ్గించండి. సముద్రం వైపు ఖాళీగా వదిలేసి మిగతా మూడు వైపులా మూసేయమని ఆడవాళ్ళు అడుగుతుంటారు ఫోటోల కోసం, అలా చేస్తే పందిరి సంచీ అయిపోతుంది, గాలి లోపలికి వస్తుంది, బయటికి పోయే దారి ఉండదు. అటు తెరిస్తే ఇటూ తెరవాలి. మండపం కింద, కుర్చీల కింద, నడిచే దారి పొడుగునా ప్లైవుడ్ వేసి మీద కార్పెట్ పరవాలి. నానమ్మ గారికి వీల్ చెయిర్ ఆ ప్లైవుడ్ మీద హాయిగా వెళ్తుంది. ఇంకో మాట, పూల గోడలు, బెలూన్ల ఆర్చీలు ఇవన్నీ అక్కడ ఒక గంట నిలబడవు. బంతిపూల దండలు గట్టిగా కట్టించుకోండి చాలు.

జనరేటర్ ఉప్పు గాలికి దూరంగా, ఇసక మీద కాకుండా గట్టి నేల మీద పెట్టించండి. వైర్లు తడి ఇసకలోంచి లాగితే ఒప్పుకోవద్దు. ఇది మాత్రం మొహమాటపడకండి.

బంగారు_పాప (హైదరాబాద్)
పట్టుచీరల సంగతి ఎవరూ చెప్పలేదేంటి. ఉప్పునీళ్ళు తగిలిన కంచి పట్టు మీద మరక అలాగే ఉండిపోతుంది, జరీ నల్లబడుతుంది. మా అక్క పెళ్ళి తర్వాత నీళ్ళ అంచున ఫోటోలు దిగింది, మధుపర్కం చీర కాబట్టి సరిపోయింది. నీళ్ళ దగ్గర దిగే ఫోటోలకి వేరే చీర పెట్టుకోమనండి మీ చెల్లిని. హై హీల్స్ వేసుకొచ్చే స్నేహితురాళ్ళకి ముందే చెప్పేయండి, చెప్పులు విప్పే చోట ఒక బుట్ట పెట్టండి. బట్టలు మార్చుకునే గది, బాత్రూములు మండపానికి ఎంత దూరమో అడుగులు లెక్కపెట్టి చూసుకోండి, మగవాళ్ళు ఈ విషయం ఎప్పుడూ చూడరు.

రెవెన్యూ_రిటైర్డ్ (కాకినాడ)
బాబూ, రిసార్ట్ వాళ్ళు "బీచ్ మాదే" అని చెప్పుంటారు. బీచ్ ఎవరిదీ కాదు. రిసార్ట్ కంచె దాటి ఇసకలోకి అడుగు పెడితే అది ప్రభుత్వ భూమి, జనం అందరూ తిరిగే చోటు. పోటు గీత, అంటే పోటుకి నీళ్ళు ఎక్కే హద్దు, అక్కడి నుంచి నేల వైపు 500 మీటర్ల వరకు కోస్తా నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు ఉంటాయి, 2011 లో ఒకటి, 2019 లో ఒకటి నోటిఫికేషన్లు వచ్చాయి. అక్కడ కాంక్రీటు వేయడం, ఇసక తవ్వి చదును చేయడం, గోడ కట్టడం ఏదీ కుదరదు. ఒక పూట పందిరికి కూడా కాగితం మీద అనుమతి ఉంటేనే మంచిది. భీమిలి వైపు అంటున్నారు కాబట్టి రెవెన్యూ, పోలీసు, నగరపాలక సంస్థ ముగ్గురికీ అర్జీ పెట్టుకోండి, ఒకరి దగ్గరకి వెళ్తే రెండో వాళ్ళ దగ్గరకి వెళ్ళమంటారు, ఓపిక పట్టాలి. రిసార్ట్ వాళ్ళు మేం చూసుకుంటాం అంటే ఆ అనుమతి కాపీ మీ చేతికి ఇమ్మనండి. నోటి మాట వద్దు.

రాత్రి ముహూర్తం గురించి ఒకటి. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. మీ ముహూర్తం 9:37. మంగళసూత్రం కట్టే సమయానికి ఎవరైనా వంద నంబరుకి ఫోన్ చేస్తే?

చెల్లికి_అన్న (హైదరాబాద్)
అందరికీ థాంక్స్ అండీ. రిసార్ట్ అతన్ని అనుమతి కాపీ అడిగాను. "ఇన్నేళ్ళుగా చేస్తున్నాం సార్, ఎవరూ అడగలేదు" అన్నాడు. అదే నాకు భయం వేసింది. ఇంకో డౌట్, అలలు ఎంత దూరం వస్తాయో ఎలా తెలుస్తుంది? అతను చూపించిన చోటు నీళ్ళకి పది అడుగుల దూరంలోనే ఉంది, మేం వెళ్ళింది మధ్యాహ్నం.

పెద్దవల (మంగమారిపేట)
అన్నా నేను రాస్తాను. మాది వేట కుటుంబం. మధ్యాహ్నం చూసి చోటు ఖాయం చేస్తే మునిగిపోతారు. సముద్రానికి రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు, అంటే నీళ్ళు రెండుసార్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. మీరు చూసింది పాటు సమయం అయ్యుంటుంది. విశాఖ వైపు పెద్ద పోటుకీ పాటుకీ ఎత్తులో తేడా మీటరున్నర దాకా ఉంటుంది, వాలు తక్కువ ఉన్న ఇసక మీద అది చాలా దూరం లోపలికి పాకుతుంది.

మా తాతకి గడియారం చూడటం రాదు కానీ తిథి చెప్తే పోటు ఎప్పుడో చెప్పేవాడు. పోటు రోజుకి రెండు ఘడియలు ఆలస్యమవుతుంది, అంటే మీ లెక్కలో ముప్పావు గంట పైన. పౌర్ణమి, అమావాస్యలకి పోటు పెద్దది, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇంకా జోరుగా ఉంటుంది. అష్టమి వైపు తగ్గుతుంది. మీది దశమి అన్నారు, అది మధ్యస్తం, మంచిదే. మీరు చేయాల్సింది ఒక్కటే. పెళ్ళికి నెల ముందు, పుష్య శుద్ధ దశమి నాడు, సరిగ్గా ముహూర్తం టైముకి వెళ్ళి ఆ చోట నిలబడండి. నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకోండి. ఇసక మీద నాచు, పుల్లలు, గవ్వలు వరసగా గీత గీసినట్టు ఉంటాయి, అది పోటు ఎక్కిన చోటు. దానికి కనీసం ముప్పై అడుగులు ఇవతలే పందిరి వేయండి.

ఇంకా ఒక్కటి చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. మీకు ఖాళీగా కనిపించే ఆ ఇసక మాకు ఖాళీ కాదు. పడవలు లాగేది, వల ఆరేసేది, చేపలు ఎండబెట్టేది అక్కడే. ఒక పెళ్ళి వాళ్ళు వచ్చి పడవలు ఫోటోలో బాగోలేవు, తీసేయండి అన్నారు మా వాళ్ళతో. పెద్ద గొడవైంది. ముందు రోజు ఊరి పెద్దల్ని కలిసి ఒక మాట చెప్పండి, పసుపు కుంకుమ పెట్టి పిలవండి, మీ పందిరికి మా కుర్రాళ్ళే కాపలా ఉంటారు.

చెల్లికి_అన్న (హైదరాబాద్)
కోపం ఎందుకన్నా. నెల ముందు అదే తిథికి వెళ్ళి చూడటం అనే ఐడియా బంగారం. పంచాంగం మా ఇంట్లో ఉంది కానీ అది సముద్రానికి కూడా పనికొస్తుందని ఇప్పుడే తెలిసింది.

ఉప్పుగాలి (విశాఖ)
దానితో పాటు ఇన్‌కాయిస్ వాళ్ళ సూచనలు కూడా చూడండి, అలల ఎత్తు, గాలి ముందే చెప్తారు. సముద్రం గురించి చెప్పే ఆఫీసు మీ హైదరాబాద్ లోనే ఉంది, సముద్రం మాత్రం లేదు 😀. మాఘం కాబట్టి తుఫానుల భయం తక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే నేను వద్దనేవాణ్ణి. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ మా ఊరి మీద పడింది, ఆ నెలలో ఎవరైనా బీచ్ మీద పెళ్ళి అంటే మా అమ్మ ఇప్పటికీ వాళ్ళని అదోలా చూస్తుంది.

తాబేలు_నేస్తం (విశాఖ)
ఆలస్యంగా చూశాను ఈ చర్చని. మాఘం అంటే జనవరి, ఫిబ్రవరి. సరిగ్గా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరానికి వచ్చి గుడ్లు పెట్టే కాలం, మార్చి దాకా వస్తాయి. రాత్రి పూటే ఒడ్డుకి ఎక్కుతాయి, గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి మళ్ళీ వెళ్ళిపోతాయి. దూరం నుంచి లైట్లు, డీజే కనిపిస్తే ఎక్కకుండానే తిరిగి వెళ్ళిపోతాయి. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి, అవి వెలుగున్న వైపుకి పాకుతాయి, మామూలుగా అయితే ఆ వెలుగు సముద్రం మీద ఉంటుంది, మీరు ఫోకస్ లైట్లు పెడితే రోడ్డు వైపు వచ్చి కుక్కల పాలవుతాయి. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు అది, సరదా విషయం కాదు. రాత్రి పెళ్ళి బీచ్ మీద పెట్టకండి, ప్లీజ్. పందిరి గుంజ పాతే ముందు అటవీ శాఖ వాళ్ళకి చెప్తే అక్కడ గూడు ఉందో లేదో చూస్తారు.

ఇంకా, తలంబ్రాల్లో కలిపే రంగురంగుల థర్మాకోల్ గుండ్లు. హాల్లో అయితే చీపురుకి దొరుకుతాయి. బీచ్ మీద ఒక్క గుప్పెడు విసిరితే ఒక్కటి కూడా తిరిగి దొరకదు, అన్నీ సముద్రంలోకే. కాగితాలు పేల్చే గొట్టాలు కూడా అంతే. బియ్యం, పసుపు, ముత్యాలు చాలవా?

గుంటూరు_కారం (గుంటూరు)
ముత్యాలు అంటే ప్లాస్టిక్ పూసలే కదా సార్ ఇప్పుడు.

తాబేలు_నేస్తం (విశాఖ)
కరెక్టే, ఒప్పుకున్నా. అవీ వద్దు. బియ్యం, పసుపు.

వైదికం (రాజమహేంద్రవరం)
నేను పౌరోహిత్యం చేస్తాను. అడిగారు కాబట్టి కాదు, అడగలేదు కాబట్టి చెప్తున్నాను. సముద్రాన్ని పర్వదినాల్లో తప్ప ముట్టకూడదని పెద్దలు అంటారు. పెళ్ళి బట్టలతో వెళ్ళి అలల్లో గెంతడం నాకు నచ్చదు. పెళ్ళి ఒడ్డున చేసుకోవడానికి అభ్యంతరం లేదు, అగ్ని నిలవాలి, పందిరి ఉండాలి, అంతే. హోమగుండం ఇసక మీద నేరుగా పెట్టకుండా ఇటుకలు పేర్చి, గాలి వచ్చే వైపు రేకు ముందే సిద్ధం చేసుకోండి, నాలుగోసారి వెలిగించాక వెతుక్కోవడం కాదు. కొబ్బరాకుల పందిరి కింద నిప్పు రవ్వలతో జాగ్రత్త, పక్కన రెండు బకెట్లు నీళ్ళు. తడి సమిధలు తెస్తే నేను చేయలేను, ఉప్పు గాలికి రాత్రికి రాత్రి తేమ పడతాయి, డబ్బాలో మూత పెట్టి ఉంచండి.

కోనసీమ_కొబ్బరి (రాజోలు)
పర్వదినాలంటే గుర్తొచ్చింది, మాఘ పౌర్ణమికి సముద్ర స్నానాలకి జనం విపరీతంగా వస్తారు, ఆ చుట్టుపక్కల రోజుల్లో ట్రాఫిక్ చూసుకోండి. అన్నట్టు సముద్రం ఒడ్డున పెళ్ళి అంటే అందరూ ఫారిన్ ఫ్యాషన్ అంటున్నారు. మా అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కళ్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రే జరుగుతుంది, గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. అంటే మీ చెల్లి పెళ్ళి రోజే స్వామి పెళ్ళి. మీ నాన్నగారికి ఇది చెప్పి చూడండి, మెత్తబడతారు.

గోవా_రిటర్న్ (విజయవాడ)
సూర్యాస్తమయమే కావాలంటే గోవా వెళ్ళండి, మేం వెళ్ళాం. ఎండ దిగాక ఫోటోలు నిజంగా అదిరిపోయాయి. కానీ 250 మందిలో 90 మంది వచ్చారు, రాని మేనత్తలు ఇప్పటికీ మాట్లాడట్లేదు.

డల్లాస్_బాబాయ్ (టెక్సాస్)
మావాడి పెళ్ళి ఇక్కడ సముద్రం పక్కన హోటల్లో చేశాం. నిప్పు అనగానే వాళ్ళు హడలిపోయారు, చివరికి చిన్న పాత్రలో అగ్ని, పక్కనే మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒక ఉద్యోగి నిలబడ్డాడు. ఏడడుగులూ ఆయన మా వెనకే నడిచాడు. ఆల్బంలో అన్ని ఫోటోల్లో ఉన్నాడు, మనిషి మంచివాడు.

మసక_లెన్స్ (విశాఖ)
పెళ్ళి ఫోటోలు తీస్తాను. ఎవరూ అనట్లేదు కాబట్టి నేనే అంటున్నా, మీకు ఉదయం 7:48 చేతిలో ఉండగా ఈ గొడవంతా ఎందుకు? మాఘంలో ఇక్కడ సూర్యోదయం దాదాపు 6:25. గౌరీపూజ వేళకి నీళ్ళలోంచి సూర్యుడు లేస్తాడు, ముహూర్తం వేళకి మెత్తటి బంగారం రంగు వెలుతురు ఉంటుంది, 9 దాటితే కళ్ళు చిట్లిస్తారు. పొద్దున పూట గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా ఉంటుంది, సముద్రపు గాలి పుంజుకునేది ఇంకా పొద్దెక్కాకే. లైట్లు అక్కర్లేదు, తాబేళ్ళ సమస్య లేదు, మైకు 6 తర్వాత పెట్టుకోవచ్చు. మీ చెల్లికి కావలసింది వెనకాల సముద్రంలో సూర్యుడు కదా, దిగేవాడైతేనేం లేచేవాడైతేనేం.

డ్రోన్ సంగతి మాత్రం నన్ను అడగొద్దు. ఇది నేవీ ఊరు, భీమిలి దగ్గర కూడా ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. మ్యాప్ లో రెడ్ జోన్ అయితే ఎగరేయను, ఎంత ఇచ్చినా.

చెల్లికి_అన్న (హైదరాబాద్)
ఇంట్లో పెద్ద మీటింగ్ అయింది. మసక_లెన్స్ గారి పోస్టు పైకి చదివి వినిపించాను. చెల్లి ఒక్క నిమిషం ఆలోచించి "లేచేది ఇంకా బాగుంటుంది" అంది. అమ్మకే కష్టంగా ఉంది, పెళ్ళికూతురు ముస్తాబు రాత్రి రెండున్నరకి మొదలుపెట్టాలి కదా. చివరికి ఇలా అనుకున్నాం. పెళ్ళి ఉదయం 7:48, ఒడ్డున చిన్న కొబ్బరాకుల పందిరి, దగ్గరి వాళ్ళు 80 మందికి కుర్చీలు. టిఫిన్లు, భోజనాలు అన్నీ వెనక సరుగుడు తోపు దాటి రిసార్ట్ లోపల, గట్టి నేల మీద. మిగతా వాళ్ళు సరాసరి భోజనానికే వస్తారు, నిజం చెప్పాలంటే వాళ్ళకి కావలసిందీ అదే. రిసెప్షన్ హైదరాబాద్ లో ఏసీ హాల్లో. మొదట చూసిన రిసార్ట్ కాకుండా అనుమతి కాగితాలు చూపించిన ఇంకో రిసార్ట్ తీసుకున్నాం.

బంగారు_పాప (హైదరాబాద్)
సూపర్. మగపెళ్ళి వాళ్ళకి కాఫీ 5 గంటలకల్లా అందేలా చూడండి, మిగతావి ఎన్ని తప్పులైనా సర్దుకుపోతారు.

పెద్దవల (మంగమారిపేట)
పిల్లలు, కుర్రాళ్ళు పెళ్ళయ్యాక నీళ్ళలోకి దిగుతారు, ఆపలేరు. ఒడ్డు దగ్గర నీళ్ళు నురగ లేకుండా నున్నగా లోపలికి పోతున్నట్టు కనిపిస్తే అక్కడే లాగేది. ఇద్దరు ఈతగాళ్ళని నేను పంపిస్తాను, తాడు, ట్యూబు తెస్తారు.

చెల్లికి_అన్న (హైదరాబాద్)
పెళ్ళయిపోయింది! చాలామంది మెసేజ్ లు పెట్టారు, సారీ, అలసట తీరేసరికి వారం పట్టింది.

పుష్య దశమికి నేనూ బావా వెళ్ళి చూశాం, రిసార్ట్ వాళ్ళు మామూలుగా పందిరి వేసే చోటు సగం తడిసి ఉంది. నలభై అడుగులు వెనక్కి జరిపించాం. పెళ్ళి రోజు గాలి ఉంది కానీ అడ్డుతెర ఇద్దరు మనుషుల మాట విన్నది, కింది అంచుకి చిన్న ఇసక సంచులు కుట్టించిన ఆలోచన మా నానమ్మది. హోమం ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంది. నానమ్మ వీల్ చెయిర్ లో ప్లైవుడ్ మీదుగా మొదటి వరసలోకి వెళ్ళి కూర్చుంది, భోజనానికి పిలిచినా లేవలేదు, సముద్రం చూడటం అదే మొదటిసారట. 78 ఏళ్ళకి. మాకెవరికీ తెలియదు.

తప్పులు కూడా జరిగాయి. సన్నాయి వాళ్ళ వ్యాన్ దారి తప్పి 7:40 కి వచ్చింది, డోలు దించుతూనే వాయించారు. ఎవరో చుట్టాలు ఎంత చెప్పినా వినకుండా ఆ కాగితాల గొట్టం పేల్చారు, తాబేలు_నేస్తం గారు నన్ను తిట్టవచ్చు, నేనూ మా కజిన్లూ మధ్యాహ్నం దాకా ఏరుతూనే ఉన్నాం. పెద్దవల అన్నా వాళ్ళ ఊరి నుంచి ముప్పై మంది వచ్చారు, వాళ్ళ పడవ ఒకటి ఫోటోల్లో వెనకాల ఉంది, చెల్లి దానికి బంతిపూల దండ వేయించింది.

మసక_లెన్స్ (విశాఖ)
సంతోషం బ్రో! సూర్యుడితో ఫోటో వచ్చిందా?

చెల్లికి_అన్న (హైదరాబాద్)
మా ఫోటోగ్రాఫర్ని అడిగితే ఎడిటింగ్ లో ఉంది అంటున్నాడు. ఆల్బం రెండు నెలలట.

మసక_లెన్స్ (విశాఖ)
మేం రెండు అంటే నాలుగు అనుకోండి.